సాయంత్రానికి ఇంటికి రావాలనుకున్న ఇంజనీరు

మా అక్క కూతురికి ఎంసెట్ కౌన్సెలింగు నడుస్తోంది. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అనాలని నాకూ తెలుసు, మా ఇంట్లో మాత్రం ఇంకా ఎంసెటే. ర్యాంకు మరీ మంచిదీ కాదు, మరీ ఘోరమూ కాదు, అంటే సరిగ్గా టెన్షన్ పెట్టే చోట ఉంది. రాత్రి పదకొండింటికి అక్క ఫోను. "నువ్వే చెప్పవే దానికి, ట్రిపుల్ ఈ పెడతానంటోంది. కంప్యూటర్స్ వచ్చే కాలేజీలు రెండున్నాయి, అవి వద్దంట. నిన్ను చూసే చెడిపోయింది." వెనకాల నుంచి పిల్ల గొంతు: "పిన్ని బానే ఉంది కదమ్మా!"

బానే ఉన్నానా అని ఒక్క క్షణం ఆలోచించాను. నేను ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు, చదివి పదహారేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సబ్‌స్టేషన్ల డిజైన్ చేస్తాను, లేఔట్లు, ఎర్తింగు, కేబుల్ షెడ్యూళ్లు. సాఫ్ట్‌వేర్లోకి వెళ్లిన నా క్లాస్‌మేట్ల జీతం నేను ఇక్కడ రాయను, రాస్తే అక్క చదువుతుంది.

పిల్లకి ఏం చెప్పాలో తెలీక ఆ రాత్రి అయ్యలసోమయాజుల లలిత గారి కథ చెప్పాను. ఫోన్లోనే, నలభై నిమిషాలు. మన దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్న తొలి ఆడవాళ్లలో ఆవిడొకరు, ఎలక్ట్రికల్‌లో ఆవిడే మొదటావిడ. తెలుగావిడ. నేను ఎలక్ట్రికల్ చదివిన నాలుగేళ్లలో ఒక్క లెక్చరరు కూడా ఆ పేరెత్తలేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి ఎక్కడో చదివి తెలుసుకున్నాను, తెలిసిన రోజున కొంచెం కోపం కూడా వచ్చింది.

కథ ఇదీ. 1919లో మద్రాసులో పుట్టారు. నాన్నగారు పప్పు సుబ్బారావు, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లల్లో ఈవిడ ఐదో ఆవిడ. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లు అవుతారు, ఆడపిల్లలకి కాస్త చదువు చెప్పించి పెళ్లి చేస్తారు. ఆ కాలానికి అది మామూలే, ప్రొఫెసరు గారిల్లయినా సరే. లలితకి పదిహేనేళ్లకి పెళ్లయింది. పెళ్లయ్యాక కూడా పదో తరగతి దాకా చదివించాలని నాన్నగారు పట్టుబట్టారు, అక్కడితో అయిపోవాల్సిన చదువు. 1937లో భర్త పోయారు. ఈవిడకి పద్దెనిమిది, కూతురు నాలుగు నెలల పసిగుడ్డు.

ఆ కాలంలో, అలాంటి ఇళ్లలో, పద్దెనిమిదేళ్ల పిల్లకి మొగుడు పోతే ఏమయ్యేదో మన అమ్మమ్మల వాళ్ల అమ్మల్ని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా తాతమ్మ ఒకావిడ అలాగే బతికింది, తెల్లచీర, వెనకగది, ఒంటిపూట భోజనం. పెళ్లిళ్లప్పుడు ఎదురు రాకూడదని ఆవిడ తనంతట తనే తలుపు వేసుకునేదని మా అమ్మ చెప్తుంది.

లలిత పుట్టింటికి వచ్చేశారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చేసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నారు. తర్వాత ఏం చెయ్యాలి? ఇక్కడే నాకు ఈ కథ బాగా నచ్చుతుంది. అప్పటికే ఆడవాళ్లు డాక్టర్లు అవుతున్నారు, అందరికీ కనిపించే దారి అదే. లలిత వద్దనుకున్నారు. డాక్టరంటే అర్ధరాత్రి కబురొస్తుంది, పిల్లని ఇంట్లో వదిలి లేచి పరిగెత్తాలి. ఆవిడకి కావాల్సింది పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం. ఇంట్లో నాన్నా అన్నదమ్ములూ అందరూ ఇంజనీర్లే, వాళ్లు ఎన్నింటికి వెళ్తారో ఎన్నింటికి వస్తారో చిన్నప్పట్నుంచీ చూస్తోంది. అందుకని ఇంజనీరింగ్.

అంతే! చరిత్ర సృష్టించాలనీ, ఆడదాని సత్తా చూపించాలనీ కాదు. చంటిపిల్ల తల్లి టైమింగులు చూసుకుంది. ఇప్పుడు మనం "వర్క్ లైఫ్ బ్యాలెన్స్" అని పెద్ద పేరు పెట్టుకుని, ఇంటర్వ్యూలో అడిగితే బద్ధకస్తులనుకుంటారేమో అని మింగేసే ప్రశ్న ఇదే. ఆ ప్రశ్న నుంచే దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు వచ్చారు. మా పిల్లకి ఇది చెప్పినప్పుడు అవతల నుంచి "నిజంగానా?" అని నవ్వింది.

సీటు మాత్రం ఊరికే రాలేదు. గిండీలో అప్పటిదాకా ఆడపిల్లలు లేరు, ఆడపిల్ల దరఖాస్తు పెడితే ఏం చెయ్యాలో రూల్సులోనూ లేదు. నాన్నగారు వెళ్లి ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు, పైన ప్రజావిద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్‌ని ఒప్పించారు. ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. నాన్న అదే కాలేజీలో ప్రొఫెసరు కాకపోయుంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేదేమో. వేరే ఊళ్లో, వేరే ఇంట్లో, ఇంతే తెలివున్న ఇంకో పద్దెనిమిదేళ్ల విధవరాలికి తలుపు తట్టిపెట్టే మనిషి లేడు. ఈవిడకి ఉన్నాడు. దానివల్ల ఈవిడ గొప్పతనం తగ్గిపోదు, కాకపోతే ఆ రెండో అమ్మాయి కూడా నాకు గుర్తొస్తూ ఉంటుంది.

కాలేజీలో వందల మంది మగపిల్లల మధ్య ఒక్కతే. అందులో ఇబ్బంది పెద్దగా లేదట కానీ హాస్టల్లో ఒంటరితనం. కూతురు దగ్గర్లోనే సోదరుడి కుటుంబం దగ్గర, వారం చివర వెళ్లి చూసి వచ్చేవారు. అప్పుడు కాలేజీ వాళ్లు చేసిన మంచి పని ఏంటంటే, ఇంకా అమ్మాయిలెవరైనా ఉంటే దరఖాస్తు చేసుకోమని పిలిచారు. కేరళ నుంచి ఇద్దరొచ్చారు, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్, ఇద్దరూ సివిల్. వాళ్లు లలిత కన్నా ఒక ఏడు జూనియర్లు. రెండో ప్రపంచ యుద్ధం మూలాన కోర్సు కొన్ని నెలలు తగ్గించేసరికి ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. త్రేసియా తర్వాత 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీరయ్యారు, దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. ఒకమ్మాయికి తోడు కావాలని తీసిన తలుపులోంచి ఒక చీఫ్ ఇంజనీరు వచ్చింది చూడండి.

ఇక ఆ సర్టిఫికెట్. 1943లో లలితకి డిగ్రీ వచ్చింది. అచ్చేసిన ఫారం అది, ఎప్పట్నుంచో వాడుతున్నదే, అందులో అంతటా 'హి' అనే ఉంటుంది. ఆడమనిషి పేరు రాయాల్సి వస్తుందని ప్రెస్సువాడికి ఎవరు చెప్తారు? ఆఫీసులో ఎవరో గుమస్తా కలం తీసుకుని 'హి' మీద గీత పెట్టి 'షి' అని రాశాడు. ఆ గీత గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ గుమస్తా విసుక్కున్నాడా, నవ్వుకున్నాడా, ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పాడా? నా ఊహ ఏంటంటే ఏమీ అనుకుని ఉండడు, ఇంకో నలభై సర్టిఫికెట్లు రాయాల్సి ఉంటాయి. నా మొదటి ఆఫీసులో నేను చేరినప్పుడు సైట్‌కి వెళ్లడానికి ఇచ్చిన సేఫ్టీ షూస్ ఎనిమిదో నంబరు, అంతకన్నా చిన్నవి లేవన్నారు. రెండు జతల సాక్సులూ ముందర పాత గుడ్డా కుక్కుకుని ఏడాది తిరిగాను. స్టోర్సులో పెద్దాయన "మీకోసం ఆర్డరు పెడతాలెండి" అని పెట్టలేదు పాపం. మంచివాడే.

డిగ్రీ తర్వాత బీహార్లో జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్. తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్లో ఇంజనీరింగ్ అసిస్టెంటు. సిమ్లా ఎందుకయ్యా అంటే అక్కడ సోదరుడి కుటుంబం ఉంది, పిల్లకి ఇల్లుంది. 1946 చివర అది వదిలేసి కొన్నాళ్లు నాన్నగారి దగ్గర పరిశోధనలో సాయం చేశారు. ఆయన పొగరాని పొయ్యిలూ, కరెంటుతో వాయించే జెలెక్ట్రోమోనియం అనే వాద్యమూ తయారుచేసి పేటెంట్లు తీసుకున్న మనిషి. పని సరదాగానే ఉంటుంది, కానీ దాంతో పిల్లని పెంచడం కుదరదు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కలకత్తాలోనూ సొంతవాళ్ల ఇల్లుంది. ఆవిడ ఉద్యోగాల మ్యాపు గీస్తే అది బంధువుల ఇళ్ల మ్యాపే అవుతుంది. మనవాళ్లు కెరీర్ ప్లానింగ్ అని సెమినార్లు పెట్టి బోర్డు మీద బాణాలు గీస్తారు కదా, వాటిలో ఈ పిల్లని చూసుకునే ఇల్లు ఒక్కసారి కూడా కనపడదు.

కలకత్తాలో చేసిన పని నా పనే, అందుకే నాకీ పక్షపాతం. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ లేఔట్లు. బయటివాళ్లకి సబ్‌స్టేషనంటే కంచె, బూజుపట్టిన అపాయం బోర్డు, లోపల ఝుమ్మని శబ్దం, అంతే. లోపల ప్రతి తీగా ఎక్కడ వేలాడాలో, ఎంత ఎత్తులో ఉండాలో కాయితం మీద ముందే తేలుతుంది. 132 కేవీ, అంటే లక్షా ముప్ఫై రెండు వేల వోల్టుల యార్డులో కరెంటున్న భాగానికీ పక్కన ఉన్న ఇనుప స్తంభానికీ మధ్య కనీసం 1.3 మీటర్ల గాలి ఉండాలి. తక్కువైతే ఒక వానాకాలం రాత్రి కరెంటు ఆ గాలిలోంచి స్తంభం మీదికి దూకుతుంది. గాలికి తీగ ఊగినా ఉండాలి, ఎండకి సాగినా ఉండాలి. నేను ఇదంతా ఆటోక్యాడ్‌లో చేస్తాను, తప్పయితే కంట్రోల్ జెడ్. ఆవిడ రోజుల్లో స్లైడ్ రూలుతో లెక్క, ట్రేసింగ్ షీటు మీద ఇంకుతో గీత. తప్పు గీస్తే బ్లేడుతో గీకి మళ్లీ గియ్యాలి. మా పాత చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఆ బ్లేడు గీతలు నాకు చూపించాడు ఒకసారి, కాయితాన్ని వెలుతురుకి పెడితే తప్పు చేసిన చోటల్లా పల్చగా మెరుస్తుంది.

భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో కూడా లలిత ఉన్నారు. సట్లెజ్ మీద ఆ ఆనకట్ట 1963లో నెహ్రూ జాతికి అంకితం చేశాడు, ఆ ఫొటోలు మన సోషల్ పుస్తకాల్లో అందరం చూశాం. లలిత మాత్రం సైట్లకి వెళ్లేవారు కాదు. విధవరాలు ఒంటరిగా ఊళ్లు తిరగడమేంటని లోకం అనుకునే రోజులు, ఆఫీసులోనే కూర్చుని డిజైను చేశారు. ఇక్కడ నాకు కొంచెం బాధేస్తుంది. తను గీసినది ఇనుమై నిలబడ్డాక దాని కింద నిలబడి చూడడంలో ఒక ఆనందముంది, దుమ్ములో, హెల్మెట్ కింద చెమట కారుతుండగా. ఆవిడకి అందులో ఎంత దక్కిందో. గొప్పవాళ్ల కథలు చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేస్తారు, అడ్డంకులన్నీ దాటినట్టే చెప్తారు. ఆవిడ అన్నీ దాటలేదు. కొన్నింటి పక్కనుంచి వెళ్లారు, కొన్నింటి దగ్గర ఆగిపోయి, ఆగిన చోటే కుర్చీ వేసుకుని పని చేశారు. అలా ఒకే కంపెనీలో దాదాపు ముప్ఫయ్యేళ్లు, 1977లో రిటైరయ్యే దాకా, మధ్యలో కంపెనీ చేతులు మారి జీఈసీ అయినా సరే.

మా బంధువుల్లో ఒకాయన రెండేళ్లకోసారి కంపెనీ మారకపోతే ఎదగలేవు అని నాకు ప్రతి పెళ్లిలోనూ చెప్తాడు. ఉండొచ్చు. ఆయనకి ఆడపిల్లల్లేరు, ఇంట్లో వాళ్లావిడ ఉంది.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశం తరఫున పంపడానికి అప్పటికి అలాంటి సంఘమే లేదు, అందుకని లలిత వ్యక్తిగత హోదాలోనే వెళ్లారు. చీర కట్టుకునే. అక్కడ పత్రికలవాళ్లతో ఆవిడ అన్నమాట తర్వాత బాగా పేరుకొచ్చింది. నూట యాభై ఏళ్ల కిందటైతే భర్త చితి మీద నన్నూ కాల్చేసేవాళ్లు అని. పద్దెనిమిదేళ్లప్పుడు నాలుగు నెలల పిల్లతో కూర్చున్న మనిషి, నలభై నాలుగేళ్లకి న్యూయార్క్‌లో నిలబడి ఆ లెక్క చెప్పింది. 1966లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పూర్తి సభ్యత్వం ఇచ్చింది. 1979లో, అరవయ్యేళ్లకే, రిటైరయిన రెండేళ్లకే మెదడులో రక్తనాళం చిట్లి పోయారు.

ఇదంతా చెప్తుంటే నాకు మధ్యలో యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. మా కాకినాడ స్కూల్లో ఆయన గురించి చెప్పినప్పుడల్లా మెట్రిక్ తప్పాడు, మూడోసారికి పాసయ్యాడు, అయినా ప్రపంచానికి మందులిచ్చాడు, కాబట్టి మీరూ కష్టపడండర్రా అనేవారు. సరే. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి మెడిసిన్ చదువుకి డబ్బు కట్టారనీ, 1922లో బోస్టన్ పడవెక్కడానికి మా ఊరి మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేసిందనీ ఎవరూ చెప్పలేదు. ఎం.ఎస్.ఎన్. చారిటీస్ గేటు ముందు నుంచి రోజూ సైకిల్ మీద వెళ్లేదాన్ని నేను! పట్టుదల గురించి పిల్లలకి చెప్పడం తేలిక, ఖర్చులేని పని. ఇంకొకరి చదువుకి డబ్బు కట్టండి అని పెద్దవాళ్లకి చెప్పడమే కష్టం.

నా సంగతికొస్తే, పాప పుట్టాక రెండున్నరేళ్లు ఇంట్లో ఉన్నాను. మళ్లీ మొదలుపెడదామని వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఎర్త్ మ్యాట్, అంటే సబ్‌స్టేషన్ నేల కింద పరిచే ఎర్తింగు వల, దాని లెక్కలన్నీ రెండు రాత్రులు కూర్చుని మళ్లీ చదువుకుని వెళ్లాను. "పాపని ఎవరు చూసుకుంటారు?" అన్నారు. మా అత్తగారు అన్నాను. "ఆవిడకి ఒంట్లో బాగోకపోతే?" అన్నారు. టీ ఇచ్చి పంపించేశారు. ఎర్త్ మ్యాట్ ఎవరూ అడగలేదు. ఆరు నెలల తర్వాత మా పాత టీమ్ లీడు ఒకాయన తను మారిన కంపెనీకి పిలిచాడు, ఆ ఆరు నెలలూ అత్తయ్య సామర్లకోటలో ఇల్లు తాళం వేసుకుని మా దగ్గరే ఉన్నారు, తర్వాత ఏడేళ్లు కూడా ఉండిపోయారు. ఆవిడ పెరట్లో మల్లెపాదు ఎండిపోయింది. ఆవిడ మాట అనలేదు కానీ ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఎండు మొక్కల గురించి రెండ్రోజులు మాట్లాడేవారు.

మహిళా దినోత్సవానికి ఆఫీసులో నన్ను స్టేజి ఎక్కించి మీ విజయ రహస్యం ఏంటి మేడమ్ అన్నారు. హార్డ్ వర్క్ అన్నాను. చప్పట్లు కొట్టి స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. ఇంటికొస్తే అత్తయ్య పాపకి అన్నం తినిపిస్తూ "ఏమ్మా, ఏం మాట్లాడావు?" అన్నారు. నేను చెప్పలేదు. ఆ ఫ్లాస్కులో ఇప్పుడు ఆవిడే కాఫీ పోసుకుంటారు.

ఆ రాత్రి ఫోన్లో అంతా విన్నాక మా పిల్ల అడిగింది. "పిన్నీ, ఇంతకీ ట్రిపుల్ ఈ పెట్టమంటావా వద్దంటావా?" నేను సూటిగా చెప్పాను. జీతం మొదట్లో తక్కువ, సైట్లో బాత్రూములు ఇప్పటికీ ఉండవు, ఎండాకాలం ఎండలో నిలబడాలి, బ్రాంచి పేరు చెప్తే పెళ్లిలో ఎవరూ ఆహా అనరు. నీకు మోటార్లు విప్పడం ఇష్టమని నాకు తెలుసు, మీ ఇంట్లో మిక్సీ నువ్వే పాడుచేసి నువ్వే బాగుచేశావు. ఇష్టమొక్కటే సరిపోదు, నీకు ఏ టైముకి ఇంటికి రావాలనుంది, నీ వెనక ఎవరు నిలబడతారు, అది కూడా ఒక కాయితం మీద రాసుకో. అమ్మని అడుగు, నాన్నని అడుగు, నన్నడుగు, ఉంటామో ఉండమో మొహం మీదే చెప్తాం. సిగ్గుపడకు.

పొద్దున్నే వాట్సాప్‌లో ఆప్షన్ల లిస్టు ఫొటో పంపింది. మొదటి రెండూ కంప్యూటర్స్, అమ్మ కోసం. మూడోది ట్రిపుల్ ఈ, కాకినాడలోనే. కింద పెన్నుతో రాసుంది, "ఇంటికి ఆరింటికి". దాని కింద వరసగా పేర్లు: అమ్మ, నాన్న, పిన్ని. నా పేరు పక్కన మాత్రం ప్రశ్నార్థకం పెట్టింది వెధవ. ఫోన్ చేసి అది కొట్టేయించాను.

అక్కకి లిస్టు చూశాక ఫోన్ చేశాను, ఎత్తలేదు.